చుక్క ఆగిన చోటు

రామప్ప చెరువు తూము తెరిచారంటే పాలంపేట పొలాల్లో ఇక ఎవరికీ తీరిక ఉండదు. మడికి నీళ్లెక్కగానే దున్నాలి, బురద గట్టిపడకముందే ఇంకోసారి తిరగాలి, నారు ముదరకముందే నాటు పడాలి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఇక్కడ రుద్రేశ్వరాలయం కట్టించింది 1213లో. చెరువూ ఆ కాలానిదే. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ గుడిని చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. ఈ అధ్యాయం మాత్రం గుడి దాటి, చెరువు కట్ట దిగి, ఇనుప చక్రాలు తగిలించుకుని బురదలో తిరుగుతున్న ట్రాక్టర్ దగ్గరికి పోతుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో, 2019 నుంచి ములుగు జిల్లాలో ఉన్న ఈ ఊళ్లో, చెరువు కింద ఉన్న ఏ ఊళ్లోనైనా, నాట్ల కాలంలో వినిపించే ఒక ఫిర్యాదు ఉంది.

"బండి గుంజుతలేదన్నా. పంపు మొన్ననే చేపిచ్చుకొచ్చిన. మళ్ల నల్ల పొగనే."

ఖాళీ ట్రాలీతో తారురోడ్డు మీద పోతున్నప్పుడు ఈ జబ్బు తెలియదు. అప్పుడు ఇంజను తన శక్తిలో కొద్ది భాగమే వాడుతుంది. మడిలోకి దిగి, చక్రాలు సగం బురదలో మునిగి, వెనకాల రోటవేటర్ తిరుగుతున్నప్పుడు ఇంజను పూర్తి భారం మోస్తుంది. లోపల ఏం తేడా ఉన్నా అక్కడే బయటపడుతుంది. డీజిల్ పంపు పట్నంలో టెస్ట్ బెంచి మీద పరీక్షించి ఇచ్చిందే. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు కొత్తవి, ఫిల్టర్లు మార్చారు. అయినా గుంజడం లేదు. ఎందుకంటే పంపును బాగు చేయడం ఒక పని, బాగైన పంపును ఇంజనుకు సరైన కోణంలో బిగించడం ఇంకో పని. రెండోది బెంచి మీద జరగదు, ట్రాక్టర్ మీదే జరగాలి. బస్సులో వచ్చిన పంపును పాత గుర్తుకు ఉజ్జాయింపుగా ఆనించి నట్లు బిగించేస్తే, మెకానిక్‌లు టైమింగ్ అనే ఆ రెండో పని చేయనట్టే.

పెట్రోలు ఇంజనులో మంట ఎప్పుడు అంటుకోవాలో స్పార్క్ ప్లగ్గు నిర్ణయిస్తుంది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ లేదు. పిస్టన్ పైకి వస్తూ గాలిని దాదాపు 17వ వంతు జాగాలోకి నొక్కేస్తుంది. అలా నొక్కుకుపోయిన గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి అందులో సగం వేడి చాలు. అంటే గాలి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. మంట ఎప్పుడు పుట్టాలన్నది డీజిల్ లోపలికి ఎప్పుడు వచ్చిందన్న దాని మీదే ఆధారపడుతుంది. పంపు ఇక్కడ రెండు ఉద్యోగాలు చేస్తోంది: ఎంత డీజిల్ పంపాలో కొలవడం, ఎప్పుడు పంపాలో చెప్పడం.

ఎంత అన్నది మొదట లెక్క వేద్దాం. 35 హార్స్‌పవర్ల మూడు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతూ పూర్తి భారం మీద గంటకు 7 నుంచి 8 లీటర్ల డీజిల్ తాగుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి ఒక్కో సిలిండర్‌కు రెండు చుట్లకోసారి డీజిల్ అందాలి. మూడు సిలిండర్లకు కలిపి నిమిషానికి 3,000 సార్లు, గంటకు 1,80,000 సార్లు. భాగిస్తే ఒక్కోసారికి వచ్చేది 39 నుంచి 44 ఘన మిల్లీమీటర్లు. వేలి కొస నుంచి రాలే ఒక నీటి చుక్క ఇంచుమించు అంతే ఉంటుంది. బురదలో ట్రాక్టర్‌ను ముందుకు తోసే బలమంతా ఒక్కొక్క చుక్కగా లోపలికి వెళుతోంది. ఒక్కో చుక్కకు దొరికే సమయం సెకనులో 500వ వంతు కూడా కాదు.

ఇక ఎప్పుడు అన్న ప్రశ్న. పిస్టన్ పూర్తిగా పైకి చేరిన స్థానాన్ని మెకానిక్‌లు టాప్ అంటారు. చదివేవాళ్లకు సహజంగా తట్టే జవాబు: పిస్టన్ సరిగ్గా టాప్‌కు వచ్చినప్పుడు డీజిల్ కొట్టాలి. అది తప్పు. సైకిల్ తొక్కేటప్పుడు పెడల్ నిట్టనిలువుగా పైన ఉండగా ఎంత బలంగా నొక్కినా చక్రం కదలదు, పెడల్ కాస్త ముందుకు వాలాకే కాలి బలం చక్రానికి అందుతుంది. పిస్టన్ తిప్పే క్రాంక్ కూడా అంతే. మంట వల్ల పుట్టే ఒత్తిడి, టాప్ దాటిన 10 నుంచి 15 డిగ్రీల దగ్గర శిఖరానికి చేరితే పిస్టన్‌ను బాగా తోస్తుంది. మనకు కావలసిన ఘడియ అది. కానీ అప్పుడు డీజిల్ కొడితే పని జరగదు, చాలా ముందే మొదలుపెట్టాలి. ఎందుకంటే పంపు నొక్కడానికీ మంట తోయడానికీ మధ్య రెండు ఆలస్యాలు కూర్చున్నాయి.

మొదటిది గొట్టంలో. పంపు నుంచి నాజిల్ దాకా పోయే ఉక్కు గొట్టం అరమీటరుకు పైనే ఉంటుంది. అందులో డీజిల్ ఎప్పుడూ నిండే ఉంటుంది, కానీ పంపు ఈ చివర నొక్కిన నొక్కుడు ఆ చివరకు క్షణంలో చేరదు. అది డీజిల్‌లో శబ్ద వేగంతో, సెకనుకు 1,300 నుంచి 1,400 మీటర్ల చొప్పున ప్రయాణిస్తుంది. 60 సెంటీమీటర్లు దాటడానికి సెకనులో 2,000వ వంతు కన్నా కొంచెం తక్కువ పడుతుంది. చిన్నదే అనిపిస్తుంది. కానీ నిమిషానికి 2000 చుట్లు తిరిగే ఇంజను సెకనుకు 12,000 డిగ్రీలు తిరుగుతోంది. ఆ రెప్పపాటులో వందో వంతు కూడా లేని వ్యవధిలో క్రాంక్ 5 డిగ్రీలు కదిలిపోతుంది. ఇంజను పక్కన ఆ గొట్టాలు ఎందుకు అన్ని వంకర్లు తిరిగి ఉంటాయో ఇప్పుడు అర్థమవుతుంది. పంపుకు దగ్గరున్న సిలిండర్‌కూ దూరంగా ఉన్న సిలిండర్‌కూ గొట్టం పొడవు ఒకటే ఉండాలి, లేకపోతే ఒక్కో సిలిండర్ ఒక్కో ఘడియకు మండుతుంది. దగ్గరి సిలిండర్ గొట్టంలో మిగిలిన పొడవే ఆ వంకర. పగిలిన గొట్టం బదులు చేతికి దొరికిన పొట్టి గొట్టం వేయడం అందుకే పొరపాటు.

రెండో ఆలస్యం సిలిండర్ లోపల. నాజిల్ నుంచి 200 బార్ల ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 200 రెట్లతో, తుంపరగా వచ్చిన డీజిల్ రాగానే మండదు. ముందు తుంపర ఆవిరి కావాలి, ఆవిరి గాలితో కలవాలి, ఆ తర్వాత రసాయన చర్య ఊపందుకోవాలి. వేడి మీద ఉన్న ఇంజనులో దీనికి సెకనులో 1,000వ వంతు అటూ ఇటూ పడుతుంది. 2000 చుట్ల దగ్గర అది 12 డిగ్రీలు. డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పేదే సీటేన్ సంఖ్య. మన దేశంలో బంకుల్లో అమ్మే డీజిల్‌కు అది కనీసం 51 ఉండాలి. సంఖ్య తగ్గితే, కల్తీ జరిగితే, ఆలస్యం పెరుగుతుంది. అప్పుడు సరిగ్గా పెట్టిన టైమింగు కూడా తప్పినట్టే ఉంటుంది.

5 డిగ్రీలు గొట్టానికి, 12 డిగ్రీలు అంటుకోవడానికి. మొత్తం 17. మంట శిఖరం టాప్ దాటాక రావాలంటే పంపు టాప్‌కు దాదాపు 18, 20 డిగ్రీల ముందే నొక్కడం మొదలుపెట్టాలి. పాత ట్రాక్టర్ల పుస్తకాల్లో కనిపించే సంఖ్యలు ఇంచుమించు ఈ చుట్టుపక్కలే ఎందుకుంటాయో ఈ లెక్క చెబుతుంది. కంపెనీ ఇచ్చిన అంకె ఊరికే నిర్ణయించింది కాదు, ఆ ఇంజను గొట్టం పొడవు, గాలి వేడి, మంట గది ఆకారం, చుట్ల వేగం అన్నీ అందులో ఉన్నాయి.

ఇప్పుడు ఆ అంకె తప్పితే ఏమవుతుందో చూద్దాం. డీజిల్ ముందే వస్తే గాలి ఇంకా పూర్తిగా వేడెక్కి ఉండదు, అంటుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలో డీజిల్ పోగుపడుతూనే ఉంటుంది. చివరికి అంటుకున్నప్పుడు పోగుపడిందంతా ఒక్కసారిగా మండుతుంది. సుత్తితో కొట్టినట్టు వినిపించే ఆ చప్పుడే నాకింగ్. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే ఒత్తిడి దాన్ని కిందికి తోస్తుంది. హెడ్ గ్యాస్కెట్ పోవడం, పిస్టన్ తల పగలడం, బేరింగులు అరగడం దీని ఫలితాలే. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఆ ఘడియకు గాలి ఇంకా చల్లగా ఉంటుంది, యాసంగి పొద్దుటి చలిలో బండి స్టార్ట్ కాక తెల్ల పొగ కక్కుతుంది.

డీజిల్ ఆలస్యంగా వస్తే చప్పుడు ఉండదు. మెత్తగా, హాయిగా తిరుగుతున్నట్టుంటుంది. పిస్టన్ కిందికి దిగిపోతుండగా మంట దాన్ని వెంటాడుతుంది. తోయాల్సిన వేడి తోయకుండానే సైలెన్సర్‌లోకి పోతుంది. భారం పడగానే నల్ల పొగ, వేడెక్కిన సైలెన్సర్, మరుగుతున్న రేడియేటర్. శక్తి చాలక డ్రైవర్ ఇంకా ఎక్కువ రేసు ఇస్తాడు, ఇంకా ఎక్కువ డీజిల్ వెళుతుంది, ఇంకా ఎక్కువ పొగ వస్తుంది. ముందు రావడం ఇనుమును విరగ్గొడుతుంది, ఆలస్యంగా రావడం డీజిల్ తాగుతుంది. ఊళ్లలో నన్ను ఎక్కువ బాధపెట్టేది రెండోదే. చెవికి తగిలే తప్పును ఎవరో ఒకరు దిద్దుతారు. మెత్తగా తిరిగే ఇంజను ఎకరానికి లీటరు ఎక్కువ తాగుతూ ఉంటే, దున్నే కిరాయిలో నష్టం ఎక్కడి నుంచి వస్తోందో ఆ రైతుకు తెలియదు. పొగ చూసి నాజిళ్లు మార్పిస్తాడు, పంపు మళ్లీ విప్పిస్తాడు, చివరికి బండే మంచిది కాదని అమ్మేస్తాడు.

చుక్కను కొలిచి, గురిచూసి కొట్టే ఈ విద్య డీజిల్ ఇంజనుతో పాటు పుట్టలేదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షించి చూపిన ఇంజను, డీజిల్‌లో ఉన్న శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. ఆవిరి ఇంజన్లు అప్పటికి అందులో సగం కూడా చేరుకోలేదు. కానీ ఆయన ఇంధనాన్ని సిలిండర్‌లోకి ఎగజల్లడానికి బాగా నొక్కిన గాలిని వాడాల్సి వచ్చింది. ఆ గాలి కోసం ఇంజను పక్కన ఇంకో యంత్రం కావాలి. ఓడలకు, కర్మాగారాలకు అది సరిపోయింది, పొలంలో తిరిగే బండి మీదికి ఎక్కలేదు. ఇంధనాన్ని నేరుగా పంపుతోనే నొక్కి పంపగలిగితేనే డీజిల్ చిన్నదవుతుంది. స్టుట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ 1922లో ఆ పని తలకెత్తుకున్నాడు. 1927లో పంపులు కర్మాగారం నుంచి వరుసగా బయటికి రావడం మొదలైంది. మన దేశంలో 1951లో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అంటే మైకో, బాష్ భాగస్వామ్యంతో మొదలైంది. నేటికీ మన మెకానిక్‌ల నోట అది మైకో పంపే.

ఆ పంపు లోపల ఒక్కో సిలిండర్‌కు ఒక బ్యారెల్, దానిలో ఒక ప్లంజర్. రెంటినీ కలిపి ఎలిమెంట్ అంటారు. రెంటి మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లు, తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. ఒకదానికొకటి జతగా అరగదీసి చేస్తారు కాబట్టి ఒక బ్యారెల్ ప్లంజర్ ఇంకో బ్యారెల్‌లో వేయకూడదు. డీజిల్ ఎందుకు వడకట్టాలో, క్యాన్ మూత ఎందుకు తుడవాలో ఆ రెండు మైక్రాన్లే చెబుతాయి.

ఈ ప్లంజర్ పనితీరు బోధపడితే టైమింగ్ సగం వచ్చినట్టే. బ్యారెల్ పక్కన ఒక రంధ్రం ఉంటుంది. ప్లంజర్ కింద ఉన్నప్పుడు ఆ రంధ్రం గుండా డీజిల్ లోపలికి నిండుతుంది. క్యామ్ ప్లంజర్‌ను పైకి తోస్తుంది. మొదట డీజిల్ వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ప్లంజర్ పై అంచు రంధ్రాన్ని మూసేసిన క్షణంలో దారి మూసుకుపోతుంది, ఒత్తిడి పెరుగుతుంది, డెలివరీ వాల్వు తెరుచుకుంటుంది, కొట్టడం మొదలవుతుంది. ప్లంజర్ ఒంటి మీద ఏటవాలుగా చెక్కిన గాడి ఒకటి ఉంది. పైకి పోతూ పోతూ ఆ గాడి రంధ్రానికి ఎదురుగా రాగానే ఒత్తిడి ఒక్కసారిగా జారిపోయి కొట్టడం ఆగుతుంది. యాక్సిలరేటర్ నొక్కితే ప్లంజర్ కొద్దిగా తిరుగుతుంది, ఏటవాలు గాడి ముందో వెనకో రంధ్రాన్ని కలుస్తుంది. అంటే రేసు ఇచ్చినా తగ్గించినా మారేది ఆగే ఘడియే, మొదలయ్యే ఘడియ మారదు. అందుకే టైమింగ్ అంటే మొదలయ్యే ఘడియ. దాన్ని మార్చాలంటే పంపు దేహాన్నే తిప్పాలి. పంపును ఇంజనుకు బిగించే అంచులో బోల్టులకు గుండ్రటి రంధ్రాలకు బదులు పొడుగాటి చీలికలు ఉండేది ఆ తిప్పడం కోసమే.

పంపు ఇంజను వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. కాబట్టి పంపు దగ్గర ఒక డిగ్రీ అంటే క్రాంక్ దగ్గర రెండు. పంపు అంచు పది సెంటీమీటర్ల వెడల్పున్న వృత్తం అనుకుంటే, అంచు మీద ఒక మిల్లీమీటరు జరిగితే క్రాంక్ దగ్గర 2.3 డిగ్రీలు మారుతుంది. సున్నపు గీతతోనో ఉలి గాటుతోనో పెట్టిన పాత గుర్తు మందమే ఒక మిల్లీమీటరు ఉంటుంది. "గుర్తుకు కలిపే బిగించిన" అన్న మాట ఎందుకు చాలదో ఈ లెక్క చూపుతుంది. అదే ఫ్లైవీల్ మీద చూస్తే, 35 సెంటీమీటర్ల ఫ్లైవీల్ అంచున ఒక డిగ్రీకి మూడు మిల్లీమీటర్లు వస్తాయి. కొలవాల్సింది అక్కడ, తిప్పాల్సింది ఇక్కడ.

అన్నిటికన్నా ముందు టాప్ ఎక్కడుందో తెలియాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. నాజిల్ విప్పి, ఆ రంధ్రంలో తీగ పెట్టి, అది ఎక్కడ ఆగితే అదే టాప్ అంటారు. పిస్టన్ కదలికను లెక్కవేస్తే ఇందులో ఎంత తప్పుందో తెలుస్తుంది. 110 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఇంజనులో టాప్‌కు 20 డిగ్రీల ముందు పిస్టన్ 4 మిల్లీమీటర్ల కిందే ఉంటుంది. 10 డిగ్రీల ముందు ఒక్క మిల్లీమీటరు. 3 డిగ్రీల ముందు మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. టాప్ దగ్గర క్రాంక్ తిరుగుతున్నా పిస్టన్ నిలబడిపోయినట్టే ఉంటుంది. తీగ పట్టుకున్న చేతికి ఆ 3 డిగ్రీలు అటూ ఇటూ తేడా తెలియదు. కంపెనీ పెట్టిన ఫ్లైవీల్ గుర్తు ఉంటే దాన్నే నమ్మాలి. అది చెరిగిపోయి ఉంటే ఇంకో దారి ఉంది: పిస్టన్ టాప్‌కు చేరకముందే దాన్ని ఆపేలా జారిపోని ఒక అడ్డు బిగించి, చేత్తో ఇంజనును ఒకవైపు మెల్లగా తిప్పి, ఆగిన చోట పుల్లీ మీద గీత పెట్టాలి. మళ్లీ వెనక్కి తిప్పి, రెండోవైపు ఆగిన చోట ఇంకో గీత. ఆ రెండు గీతల నట్టనడుమ ఉన్నదే టాప్. పిస్టన్ బాగా కదిలే చోట కొలిచి, కదలని చోటును లెక్కతో పట్టుకునే ఈ పద్ధతిని నేను ఏ ప్రయోగశాల పనికీ తీసిపోనిదిగా లెక్కిస్తాను.

ఒక చుట్టు తేడా కూడా చూసుకోవాలి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో పిస్టన్ రెండు చుట్లలో రెండుసార్లు పైకి వస్తుంది, ఒకసారి గాలిని నొక్కుతూ, ఒకసారి పొగను బయటికి తోస్తూ. మొదటి సిలిండర్ రెండు వాల్వుల రాకర్లూ వదులుగా ఆడుతుంటేనే అది నొక్కే టాప్. రెండోదాన్ని పట్టుకుని పంపు బిగిస్తే ఇంజను ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా లేవదు, మండని డీజిల్ పొగగొట్టంలోంచి తెల్లగా వస్తుంది.

ఇప్పుడు అసలు పని. మన మెకానిక్‌లు చేసే దీన్ని చుక్క చూడడం అందాం. పంపు మీద మొదటి సిలిండర్ గొట్టం విప్పి, డెలివరీ వాల్వునూ స్ప్రింగునూ జాగ్రత్తగా బయటికి తీసి శుభ్రమైన డీజిల్‌లో పెట్టాలి. వాల్వు హోల్డర్‌ను తిరిగి బిగించి, దాని మీద కొంగ మెడలా వంగిన చిన్న గొట్టం తగిలించాలి. ఇంజను ఆపే తీగ లోపలికి నెట్టి ఉండాలి, రేసు పూర్తిగా ఇచ్చి ఉండాలి. ఆపే స్థితిలో వదిలేస్తే ప్లంజర్ మీద ఉండే నిలువు గాడి రంధ్రానికి ఎదురుగా ఉంటుంది, దారి ఎప్పటికీ మూసుకోదు, చుక్క ఎప్పటికీ ఆగదు. ఈ ఒక్కటి మరిచిపోయి పూటంతా పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ప్రైమర్ నొక్కితే వంపు గొట్టంలోంచి డీజిల్ ధారగా పడుతుంది. అడ్డు వాల్వు లేదు కాబట్టి రంధ్రం తెరిచి ఉన్నంతసేపూ పడుతూనే ఉంటుంది. ఇప్పుడు ఫ్లైవీల్‌ను ఇంజను తిరిగే దిక్కులోనే, చాలా మెల్లగా తిప్పాలి. ధార సన్నబడుతుంది. సన్నబడి, చుక్కలవుతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య వ్యవధి పెరుగుతుంది. పది పదిహేను సెకన్లకు ఒక చుక్క పడే చోటు వచ్చిందంటే ప్లంజర్ అంచు రంధ్రాన్ని మూసేసినట్టే. చేయి ఆపి ఫ్లైవీల్ మీద డిగ్రీ చదవాలి. రెండు మైక్రాన్ల ఖాళీలో జరుగుతున్న మూసివేతను కంటికి కనిపించే చుక్కగా మార్చిందీ పద్ధతి. ఓపికగా చూస్తే ఒక్క డిగ్రీ తేడా కూడా తెలుస్తుంది. దానికి కావలసిందల్లా ఒక వంపు గొట్టం, శుభ్రమైన చేతులు, మంచి వెలుతురు.

చుక్క దాటిపోయి ముందుకు తిప్పేస్తే, అంతవరకే వెనక్కి తిప్పి చదవకూడదు. పళ్ల చక్రాల మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. వెనక్కి తిప్పితే క్రాంక్ కదిలినా ఆ ఖాళీ నిండేదాకా పంపు కదలదు. పావు చుట్టు వెనక్కి పోయి, మళ్లీ ముందుకు వస్తూ చదవాలి.

పుస్తకంలో 18 డిగ్రీలని ఉంది, చుక్క 14 దగ్గర ఆగింది అనుకుందాం. పంపు నాలుగు డిగ్రీలు ఆలస్యం. ఫ్లైవీల్‌ను సరిగ్గా 18 దగ్గర నిలబెట్టి, పంపు నట్లు వదులు చేసి, పంపు షాఫ్టు తిరిగే దిక్కుకు ఎదురుగా దేహాన్ని తిప్పాలి. అప్పుడు క్యామ్ ప్లంజర్‌ను ముందుగా కలుస్తుంది. అంచు మీద జరగాల్సింది రెండు మిల్లీమీటర్ల లోపే. చుక్క ఆగిన చోట నట్లు బిగించి, రెండు చుట్లు తిప్పి మళ్లీ చదవాలి. నట్టు బిగిస్తుంటేనే పంపు పిసరంత జరుగుతుంది కాబట్టి ఆ రెండో చదువు తప్పనిసరి. తర్వాత వాల్వు, స్ప్రింగు యథాస్థానంలో పెట్టి, ఎయిర్ తీసి, స్టార్ట్ చేయవచ్చు. ఎయిర్ తీసేటప్పుడు కొడుతున్న నాజిల్ ముందు చేయి పెట్టడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. 200 బార్ల తుంపర చర్మాన్ని చీల్చుకుని కండలోకి పోతుంది. పైకి సూది గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన గాయం అది.

ఇదంతా పంపులో ఎలిమెంట్లు వరసగా ఉండే ఇన్‌లైన్ పంపు మాట. కొన్ని ట్రాక్టర్లకు ఉండే రోటరీ పంపులో ఒకే తల అన్ని సిలిండర్లకూ పంచుతుంది. దాని పక్కనున్న చిన్న కిటికీ మూత తీసి లోపలి గీతను కలపడమే దారి. చుక్క చూడడం అక్కడ పనికిరాదు.

ఏ అంకె పెట్టాలన్న దగ్గర ఒక హెచ్చరిక అవసరం, ఎందుకంటే అనుభవం ఎక్కువున్న వాళ్లే ఇక్కడ దారి తప్పుతున్నారు. ముందుగా కొడితే మంట వేడిగా మండి నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువ పుడతాయి. వాటిని తగ్గించడానికి ఇంజనీర్లకు ఉన్న తేలిక దారి, టైమింగును వెనక్కి జరపడం. దాని వల్ల పోయే శక్తిని నాజిల్ ఒత్తిడి పెంచి, పిస్టన్ గిన్నె ఆకారం మార్చి రాబడతారు. 2010–11లో ట్రాక్టర్లకు పొగ నిబంధనలు బిగుసుకున్నాక ఈ మార్పు విస్తరించింది. అందుకే పాత బండికి 20 దాటిన అంకె ఉంటే, అదే శక్తి ఉన్న కొత్త బండికి చాలా తక్కువ అంకె ఉండవచ్చు. పాత అలవాటుతో కొత్త బండిని ముందుకు జరిపితే మొదటి రోజు చురుగ్గా గుంజినట్టే ఉంటుంది, తర్వాత హెడ్ గ్యాస్కెట్ పోతుంది. తన బండి అంకె తెలుసుకోవడం రైతు హక్కు. అది యజమాని పుస్తకంలో ఉంటుంది, చాలా ఇంజన్ల ప్లేటు మీద ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో 1955లో ఏర్పడి, ట్రాక్టర్లను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ నివేదికల్లోనూ ఇంజెక్షన్ టైమింగ్ ఒక వరుసగా కనిపిస్తుంది. అలాంటిదే ఒకటి మనకూ దగ్గర్లో, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. రైతులకూ మెకానిక్‌లకూ అక్కడ శిక్షణ ఇస్తారు. పాలంపేట లాంటి ఊళ్ల నుంచి ఒక్కో కుర్రాడు వెళ్లి చుక్క చూడడం నేర్చుకొస్తే, ఆ ఊరి డీజిల్ ఖర్చు మీద దాని ప్రభావం పడుతుందని నా నమ్మకం.

50 హార్స్‌పవర్లు దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ఇంకా కఠినమైన నిబంధనలు వచ్చాయి. అలాంటి ఇంజన్లలో డీజిల్ ఒక ఉమ్మడి గొట్టంలో ఎప్పుడూ ఒత్తిడితో నిలవ ఉంటుంది, ఎప్పుడు కొట్టాలో కంప్యూటర్ చెబుతుంది. ఫ్లైవీల్ పళ్లను సెన్సర్ లెక్కిస్తూ టాప్ ఎక్కడుందో పట్టుకుంటుంది. చల్లగా ఉంటే ఒక అంకె, వేడి మీద ఒకటి, భారం మీద ఇంకొకటి, చుట్టు చుట్టుకూ మారుస్తుంది. మెకానికల్ పంపు పెట్టుకున్న ఒకే అంకె ఆ అన్నిటి మధ్య ఒక రాజీ. అయినా చెరువు కింద దున్నే బండ్లలో ఎక్కువ భాగం 50 కన్నా తక్కువ శక్తి ఉన్నవే, వాటిలో పాతవి ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి.

వాటి యజమానులకు ఒక పద్ధతి చెబుతాను. వానాకాలం పని మొదలవకముందు చుక్క చూపించి, వచ్చిన డిగ్రీని, తేదీని, ఇంజను గంటలను ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. మరుసటి ఏడు ఎవరూ పంపు నట్లు ముట్టకపోయినా అంకె ఒకటిన్నర, రెండు డిగ్రీలు తగ్గిందంటే ఏదో అరుగుతోందని అర్థం: పంపు క్యామ్, దాని కింది టాపెట్, లేదా టైమింగ్ పళ్ల చక్రాలు. అప్పుడు పంపు దేహాన్ని తిప్పి అంకె సరిచేస్తే మొదటి సిలిండర్ మాత్రమే దారికి వస్తుంది, మిగిలినవి ఒక్కోటి ఒక్కోలా అరిగి ఉండవచ్చు. మూడు సిలిండర్ల పంపులో చుక్క ఆగే చోట్లు క్రాంక్ మీద సరిగ్గా 240 డిగ్రీల ఎడంతో రావాలి. అన్నిటికీ ఒకేలా తగ్గి ఉంటే టైమింగ్ కవర్ విప్పి చక్రాల పళ్లు చూడాలి, ఎడం తప్పి ఉంటే పంపును మళ్లీ బెంచి మీదికి పంపాలి.